కొన్నది మనదే... ఇంటికి మాత్రం రాదు!

వందేళ్లనాటి గురిపోటీల రివాల్వర్. ఏరికోరి కొనుక్కున్నా ఇంటికి తెచ్చుకోకూడదు. తుడవాలన్నా, మురిసిపోవాలన్నా, ఒక్క గుండు పేల్చాలన్నా లండన్ దగ్గరున్న బిస్లీకే వెళ్లాలి. ఎందుకలా అంటే... దాని వెనక ఒక ఆట కథ ఉంది, ఒక బడి కథ ఉంది.

కారు కొంటే ఇంటిముందు పెట్టుకుంటాం. నగ కొంటే బీరువాలో దాచుకుంటాం. పాత గ్రామఫోను కొన్నా సరే, హాల్లో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాం. మరి డబ్బంతా కట్టేసి, కాగితాలన్నీ మన పేరిట రాయించుకుని, వస్తువును మాత్రం అక్కడే వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి రావాలంటే? ‘అదేం కొనుగోలండీ బాబూ’ అంటాం. ఇంగ్లండ్‌లో కొందరు సరిగ్గా అలాగే కొంటారు. పైగా ఇష్టపడి కొంటారు.

వాళ్లు కొనేది తుపాకీని. అది యుద్ధం కోసమో వేట కోసమో చేసింది కాదు. కాగితం మీద అచ్చేసిన నల్లటి చుక్కను కొట్టడానికే తయారైన ‘టార్గెట్ రివాల్వర్’. వయసు నూరేళ్లు దాటినవీ వాటిలో ఉంటాయి. వాటిని దాచుకోవడానికీ, అప్పుడప్పుడూ బయటికి తీసి పేల్చుకోవడానికీ ప్రభుత్వం అనుమతించిన కొద్ది చోట్లలో ముఖ్యమైనది బిస్లీ. లండన్‌కి నైరుతి దిక్కున, సరే కౌంటీలో, పైన్ చెట్ల మధ్య ఉన్న ఓ షూటింగ్ శిబిరం.

మన దగ్గర ఎన్నికల గంట మోగగానే లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని పోలీస్‌స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు. ఎన్నికలు అయిపోయాక మళ్లీ వెళ్లి తెచ్చుకుంటారు. బిస్లీలో రివాల్వర్ దాచుకున్నవాళ్లకి ఏడాది పొడవునా ఎన్నికల కోడ్ ఉన్నట్టే!

ఒకవైపు శ్మశానం... ఒకవైపు శిబిరం

బిస్లీకి వెళ్లాలంటే లండన్‌లోని వాటర్లూ స్టేషన్లో రైలెక్కాలి. ముప్పావుగంట తిరక్కుండా బ్రూక్‌వుడ్ వస్తుంది. దాని ముందు స్టేషన్ వోకింగ్. భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో 1889లో కట్టిన మసీదు ఉన్న ఊరది. అక్కడినుంచే మన దేశం గుర్తులు ఒక్కొక్కటీ కనిపించడం మొదలుపెడతాయి.

బ్రూక్‌వుడ్‌లో దిగి ఒకవైపు నడిస్తే బ్రిటన్‌లోకెల్లా పెద్ద శ్మశానవాటిక. లండన్‌లో పాతిపెట్టడానికి చోటు చాలక 1854లో దీన్ని తెరిచారు. శవపేటికల్ని తీసుకురావడానికి రాజధాని నుంచి ప్రత్యేకంగా రైలు నడిపేవారు. ఇందులో పార్సీలకంటూ ఓ భాగముంది. మన పారిశ్రామిక పితామహుడు జంషెడ్జీ టాటా 1904లో జర్మనీలో కన్నుమూస్తే ఇక్కడికే తెచ్చి ఖననం చేశారు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారవడాన్ని చూడకుండానే వెళ్లిపోయిన ఆ పెద్దాయన, ఇక్కడ ఈ చెట్ల నీడలో నిద్రపోతున్నారు.

స్టేషన్ నుంచి రెండోవైపు వెళితే బిస్లీ శిబిరం. ఒకప్పుడు బ్రూక్‌వుడ్ నుంచి శిబిరం దాకా చిన్న రైలొకటి ఉండేది. దానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు ‘బిస్లీ బుల్లెట్’. పేరులోనే వేగం. పాపం, నడక మాత్రం నెమ్మదే. 1952లో అది ఆగిపోయింది.

శిబిరంలోకి అడుగుపెడితే ఊటీలోనో కూనూరులోనో పాత దొరల క్లబ్బుకి వెళ్లినట్టే ఉంటుంది. చెక్క గోడలు, వెడల్పాటి వరండాలు, వాటిలో కుర్చీలు, గోడలకి ఎప్పుడెప్పుడో గెలిచినవాళ్ల పేర్లు రాసిన బోర్డులు. వెండిరంగు బెరడున్న బర్చ్ చెట్లు, ఇసుక నేల, దానిమీద మోకాలెత్తు హీథర్ పొదలు. ఆగస్టులో అవి పూస్తే నేలంతా వంకాయరంగు దుప్పటి పరిచినట్టుంటుంది. ఆ అందాన్ని చూస్తూ మైమరచి నడిచేయడానికి మాత్రం వీల్లేదు. ఎర్రజెండా ఎగురుతోందంటే అటువైపు కాల్పులు జరుగుతున్నాయని అర్థం. గజాల లెక్కన దూరాలు రాసిన మైదానాలు ఒక్కొక్కటీ ఒక్కో రకం. ‘స్టికిల్‌డౌన్’ అనే మైదానంలో 1200 గజాల దూరానికి, అంటే కిలోమీటరు దాటి కూడా రైఫిల్‌తో గురిచూస్తారు. చేతి తుపాకుల మైదానాలు వేరు. అక్కడ దూరాలు చిన్నవి, ఓపిక మాత్రం పెద్దది.

టెన్నిస్ కన్నా ముందే వింబుల్డన్!

ఇంతకీ ఈ పల్లెటూళ్లోకి తుపాకులెలా వచ్చాయి? దానికి వింబుల్డన్ దాకా వెళ్లాలి. వింబుల్డన్ అంటే మనకి టెన్నిసే. ఆ టెన్నిస్ పోటీలు మొదలైంది 1877లో. అంతకు 17 ఏళ్ల ముందే వింబుల్డన్ బయళ్లలో తుపాకుల పోటీలు మొదలయ్యాయి. ఫ్రాన్స్‌తో ఎప్పుడు యుద్ధం వస్తుందోనని భయపడుతున్న రోజులవి. మామూలు జనానికి గురిచూడటం నేర్పాలన్న ఉద్దేశంతో 1859లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పుట్టింది. 1860 జులైలో తొలి గుండు పేల్చింది సాక్షాత్తూ విక్టోరియా మహారాణి. రైఫిల్‌ని ముందే గురిచూసి స్టాండుకి బిగించేసి, ట్రిగ్గర్‌కి పట్టుతాడు కట్టి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తాడు లాగారు. 400 గజాల అవతల గుండు సరిగ్గా నడిబొడ్డున తగిలింది. తగలక ఏం చేస్తుంది మరి!

ఊరు పెరిగింది. బయళ్ల చుట్టూ ఇళ్లొచ్చాయి. ఇళ్ల పక్కన గుళ్ల మోత ఎవరికి కావాలి? అలా 1890లో పోటీలు బిస్లీకి మారాయి. అప్పట్నుంచి ప్రతి జులైలోనూ ఇక్కడ పెద్ద పండగే. పోటీలన్నింటికీ తలమానికమైన బహుమతిని రాజు ఉంటే ‘కింగ్స్ ప్రైజ్’ అనీ, రాణి ఉంటే ‘క్వీన్స్ ప్రైజ్’ అనీ అంటారు. గెలిచినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలమీద మోస్తూ, బ్యాండుమేళంతో శిబిరమంతా తిప్పుతారు. 1930లో ఆ కుర్చీ ఎక్కిన తొలి మహిళ మార్జొరీ ఫోస్టర్. మగవాళ్ల కోట అనుకున్నచోట వాళ్లందర్నీ ఓడించి గెలిచిందావిడ.

ఆ పండగలో ఓ కప్పు పేరు వింటే మనవాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. దాని పేరు ‘కొల్హాపూర్ కప్’. అప్పటి ఇంగ్లిషు స్పెల్లింగులో కోలాపోర్. వింబుల్డన్ రోజుల్లో కొల్హాపూర్ రాజు ఇచ్చిన బహుమతి. 1871 నుంచి దానికోసం బ్రిటన్ జట్టూ, ఒకప్పుడు ఆ సామ్రాజ్యంలో ఉన్న దేశాల జట్లూ పోటీపడుతున్నాయి.

ఊరిపేరే తుపాకీ పేరు

రైఫిళ్ల పక్కనే రివాల్వర్ల పోటీలూ జోరందుకున్నాయి. 20 గజాల దూరం, ఒక్క చెయ్యి, ఆరు గుళ్లు. రెండో చెయ్యి సాయం పట్టకూడదు. కదలని గురి ఉంటుంది. కనిపించి మాయమయ్యే గురీ ఉంటుంది. ఆ రోజుల్లో బిస్లీలో మారుమోగిన పేరు వాల్టర్ వైనన్స్. అమెరికన్ తల్లిదండ్రులకు రష్యాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ సంపన్నుడు. గుర్రాలంటే పిచ్చి, బొమ్మలు చెక్కడమంటే పిచ్చి, రివాల్వరంటే మరీ పిచ్చి. రివాల్వర్ షూటింగ్ కళ మీద 1901లో పుస్తకమే రాశాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ‘పరుగెత్తే జింక’ బొమ్మని కొట్టే పోటీలో స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మరో స్వర్ణం. ఈసారి దేనికనుకున్నారు? శిల్పకళకి! అప్పట్లో ఒలింపిక్స్‌లో కళలకీ పతకాలుండేవి. పందెంగుర్రం విగ్రహం చెక్కి గెలిచాడాయన.

1908 ఒలింపిక్స్ రైఫిల్, పిస్టల్ పోటీలు జరిగింది బిస్లీలోనే. 50 గజాల పిస్టల్ పోటీలో బెల్జియం షూటర్ పాల్ వాన్ ఆస్‌బ్రూక్ 490 పాయింట్లతో స్వర్ణం కొట్టాడు. స్వీడన్ తాతగారు ఆస్కార్ స్వాన్ 60 ఏళ్ల వయసులో పరుగెత్తే జింకను కొట్టి బంగారు పతకం మెడలో వేసుకున్నాడు.

ఈ సందడంతా అట్లాంటిక్ అవతల ఒక కంపెనీ చెవిన పడకుండా ఉంటుందా? కౌబోయ్ సినిమాల్లో చూసే రివాల్వర్ తయారుచేసింది అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న కోల్ట్ కంపెనీ. కౌబోయ్‌లకి నచ్చిన ఆ రివాల్వర్ బిస్లీ షూటర్లకి సరిపోలేదు. దాని పిడి నాగలి మేడిలా వంగి ఉంటుంది. పేలగానే చేతిలో గిర్రున పైకి తిరుగుతుంది. నిలబడి, చెయ్యి బారచాపి, నింపాదిగా గురిచూసేవాళ్లకి ఆ తిరుగుడు పనికిరాదు. అందుకని 1894లో కోల్ట్ కొత్త పిడి తెచ్చింది. అది పొడవుగా, ట్రిగ్గర్ వెనకదాకా పైకెక్కి, అరచేతిని నిండుగా నింపుతుంది. బొటనవేలుకి సులువుగా అందేలా వెనకుండే హేమర్‌ని కిందికి దించారు. ట్రిగ్గర్‌ని వెడల్పు చేశారు. గొట్టం మీద ‘బిస్లీ మోడల్’ అని అచ్చు కొట్టి అమ్మకానికి పెట్టారు. లండన్ పాల్‌మాల్ వీధిలో కోల్ట్‌కి సొంత ఏజెన్సీ ఉండేది. ఇంగ్లండ్ పల్లెపేరు అమెరికా ఇనుము మీదికెక్కి మళ్లీ ఇంగ్లండ్‌కే వచ్చిందన్నమాట. 1910ల తొలినాళ్ల దాకా ఇలాంటివి సుమారు 44 వేలు తయారయ్యాయి. వాటిలో అసలుసిసలు పోటీల రకం, పైభాగం చదునుగా ఉండి గురిపలకలు సరిచేసుకునే వీలున్నవి, వెయ్యిలోపే. పాత రివాల్వర్ల ప్రేమికులు కలలుగనేది వాటికోసమే.

పోటీదారులూ తక్కువవాళ్లేం కాదు. హార్ట్‌ఫర్డ్ నుంచి అదే నది ఒడ్డున 40 కిలోమీటర్లు పైకి వెళితే స్ప్రింగ్‌ఫీల్డ్. అక్కడి స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ చేసిన నాజూకు రివాల్వర్లంటే వైనన్స్‌కి ప్రాణం. ఇంగ్లండ్ సొంత సరుకు బర్మింగ్‌హామ్ వెబ్లీ. ఏడున్నర అంగుళాల గొట్టమున్న దాని టార్గెట్ మోడల్‌ని నడుం దగ్గర విరిస్తే, కాలిన తూటా గొట్టాలు వాటంతటవే బయటికి ఎగిరిపడతాయి.

పెళ్లిచూపులకి ఏం తక్కువ?

ఇలాంటి పాత రివాల్వర్ కొనడం అచ్చం పెళ్లిసంబంధం చూడటం లాంటిదే. మెరుపు చూసి మోసపోకూడదు. కుటుంబం, నడవడిక, గతచరిత్ర అన్నీ విచారించాలి.

చేతికి రాగానే చేసే మొదటి పని, సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడటం. అమ్మేవాడు చూసి ఇచ్చినా సరే, కొనేవాడు మళ్లీ చూడాల్సిందే. ఇందులో మొహమాటాల్లేవు. ఆ తర్వాతే మిగతా ముచ్చట.

ముందుగా రంగు. కొత్తలో ఉక్కుకి వేసిన నీలినలుపు రంగు వందేళ్లలో అక్కడక్కడా అరిగి, కాస్త గోధుమరంగుకి తిరుగుతుంది. అది వయసు తెచ్చిన హుందాతనం. అలాకాక నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోందంటే అనుమానించాలి. ఎవరో సానపట్టి మళ్లీ రంగువేశారన్నమాట. ఎలా తెలుస్తుంది? అక్షరాల అంచులు చూస్తే చాలు. అసలు అచ్చు పదునుగా ఉంటుంది. సానపట్టినదైతే అక్షరాలు అలుక్కుపోయి, మూలలు గుండ్రబడతాయి. ఇత్తడి బిందెని తోమితే విలువ పెరుగుతుందేమోగానీ, పాత రివాల్వర్‌ని తోమితే విలువ పడిపోతుంది.

తర్వాత మరలు. వాటి నెత్తిన గాట్లు చెదిరిపోయి ఉంటే, సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో లోపల చేతులు పెట్టినట్టే. ఆ తర్వాత నంబర్లు. ఏయే భాగాల మీద నంబరు వేశారో అవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. కలవలేదంటే రెండు తుపాకుల్ని కలిపి ఒకటి చేశారని అర్థం.

ఇప్పుడు గొట్టంలోకి చూడాలి. లోపల మెలికలు తిరిగిన సన్నటి గాళ్లుంటాయి. గుండు గిర్రున తిరుగుతూ నేరుగా వెళ్లేది వాటివల్లే. పాతకాలపు మందుగుండు పేలాక మిగిలే మసి తేమని పీల్చుకుని ఉక్కుని తినేస్తుంది. అందుకే ఆ రోజుల్లో పోటీ అయిపోగానే మరిగే నీళ్లతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె రాసేవారు. ఒక్క సాయంత్రం బద్ధకించినా ఆ గుంటలు జన్మంతా ఉండిపోతాయి. గొట్టంలోకి తొంగిచూస్తే వందేళ్ల కిందటి యజమాని ఎలాంటి మనిషో తెలిసిపోతుందన్నమాట!

ఆఖరిది గుండె పరీక్ష. హేమర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగుతూ చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ‘టక్... టక్’మని సిలిండర్ తిరిగి, హేమర్ పూర్తిగా వెనక్కి చేరేసరికి గొట్టానికి ఎదురుగా కదలకుండా కూర్చోవాలి. అటూ ఇటూ ఊగిసలాడకూడదు. ఊగిందంటే గుండు గొట్టం అంచుని రాసుకుంటూ పోతుంది. ట్రిగ్గర్ నొక్కితే సాగినట్టుండకూడదు. సన్నటి గాజుకడ్డీ పుటుక్కున విరిగినట్టుండాలన్నది షూటర్ల మాట.

ఇక జాతకం. బ్రిటన్‌లో అమ్మే ప్రతి తుపాకీనీ ముందు ఎక్కువ మందుగుండుతో పేల్చి పరీక్షించాలన్నది పాత చట్టం. లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో 1813లో ఏర్పాటైన మరొకటి, ఇలా పరీక్షాకేంద్రాలున్నాయి. నెగ్గినదానికి చిన్న ముద్ర వేస్తారు. మన బంగారానికి హాల్‌మార్క్ లాగే. అమెరికా రివాల్వర్ మీద ఆ ముద్ర కనిపిస్తే అది బ్రిటన్ గడప తొక్కిందని రుజువు. నంబరు పంపితే కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ పాత రికార్డులు తిరగేసి, అది ఏ రోజున ఫ్యాక్టరీ దాటిందో, ఎవరికి పంపారో చెబుతూ ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరంలో ‘లండన్ ఏజెన్సీ’ అన్న మాటుందంటే కొన్నవాడికి ఆ రాత్రి నిద్రపట్టదు.

ఇంత చేశాక, నచ్చాక, బేరం కుదిరాక... దాన్ని ఇంటికి తీసుకెళ్లకూడదు.

ఆ రోజు మార్చి 13

1996 మార్చి 13 ఉదయం. స్కాట్లండ్‌లో డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణం. అక్కడి ప్రైమరీ స్కూల్లో అయిదారేళ్ల పిల్లలు ఆటల కోసం జిమ్‌లో చేరారు. ఓ వ్యక్తి లోపలికొచ్చి కాల్పులు జరిపాడు. కొద్ది నిమిషాల్లోనే 16 మంది చిన్నారులూ, వాళ్ల టీచరూ ప్రాణాలు వదిలారు. తర్వాత అతను తనని తాను కాల్చుకున్నాడు.

ఆ రోజు ఆ బడిలోనే ఉన్న ఓ ఎనిమిదేళ్ల పిల్లాడు తర్వాత ప్రపంచమంతటికీ తెలిశాడు. ఆండీ ముర్రే. వింబుల్డన్‌లో 2013లోనూ, 2016లోనూ టెన్నిస్ కిరీటం గెలిచింది అతనే. ఆ ఉదయం గురించి నోరువిప్పడానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది.

హంతకుడి దగ్గరున్నవి నాలుగు చేతి తుపాకులు. రెండు పిస్టళ్లు, రెండు రివాల్వర్లు. ఏదీ దొంగతనంగా తెచ్చింది కాదు. అన్నిటికీ అనుమతి ఉంది. గురిపోటీల ఆట కోసమని చెప్పి తీసుకున్న అనుమతి. దేశాన్ని కలచివేసింది ఇదే. ఆట పేరుతో ఇంట్లో ఉన్న వస్తువు బడిలోకి నడిచొచ్చింది.

ఆ ఊరి జనం, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కదిలారు. ఆ మార్చిలో పూసే ఒకే ఒక్క పువ్వు స్నోడ్రాప్. ఆ పువ్వు పేరుతోనే సంతకాల ఉద్యమం మొదలైంది. 7 లక్షలకు పైగా సంతకాలొచ్చాయి. 1997లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. కన్సర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన మొదటిది పాయింట్ 22 బోరుకి మించిన చేతి తుపాకుల్ని నిషేధించింది. లేబర్ ప్రభుత్వం తెచ్చిన రెండోది ఆ పాయింట్ 22 బోరువాటినీ వదల్లేదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ అంతటా జనం వరసల్లో నిలబడి తుపాకుల్ని అప్పగించారు. సుమారు లక్షా 60 వేలు. ప్రభుత్వం పరిహారమిచ్చి తీసుకుంది. వాటిలో చాలామటుకు కరిగిపోయాయి.

బిస్లీకి అది కోలుకోలేని దెబ్బ. వందేళ్లు మోగిన పిస్టల్ మైదానాలు ఒక్కసారిగా మూగబోయాయి. ఒక్కడు చేసిన పాపానికి ఆటనంతా ఉరితీశారని షూటర్లు బాధపడ్డారు. అనుమతి ఇవ్వడంలో జరిగిన తప్పుని సరిదిద్దితే సరిపోయేదని వాదించారు. అవతల ఖాళీ ఊయలలున్న ఇళ్లు. ఏ ఆటైనా ఒక పసిప్రాణం కన్నా ఎక్కువా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. దేశం తల్లిదండ్రుల వైపే నిలబడింది.

చరిత్రకి ఒక చిన్న కిటికీ

అయితే ఆ చట్టంలోనే ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచారు. చరిత్రనంతా కొలిమిలో వేయకూడదన్న ఆలోచనతో. ఏడో సెక్షన్‌గా అది పాత తుపాకుల ప్రేమికుల నాలుకలమీద నలుగుతూ ఉంటుంది. అందులో రెండు దారులున్నాయి. 1919కి ముందు తయారై, తూటాలు సులభంగా దొరకని కొన్ని రకాలైతే, సేకరణగా ఇంట్లో ఉంచుకోవచ్చు. కానీ పేల్చకూడదు. పేల్చాలంటే రెండో దారి. ఆ తుపాకీ అరుదైనదో, అందమైనదో, సాంకేతికంగా విశేషమైనదో, చరిత్రలో చోటున్నదో అయ్యుండాలి. పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్‌ ఉండాలి. తుపాకీ మాత్రం ప్రభుత్వం గుర్తించిన చోటే, తాళాల వెనక ఉండాలి. బిస్లీ అలాంటి చోటు. యజమాని అక్కడికొచ్చి, అక్కడే పేల్చి, అక్కడే వదిలేసి పోవాలి.

కాబట్టి ఇక్కడ రివాల్వర్ కొనేవాళ్ల తీరే వేరు. ఇంట్లో ఉంటే ధైర్యమనో, నలుగురిలో దర్జా అనో కొనేవాళ్లు ఈ గుమ్మం తొక్కరు. ఎందుకంటే ఆ రెండూ ఇక్కడ దొరకవు. మిగిలేది ఒక్కటే కారణం. ఆ పనితనం మీద ప్రేమ. లేత్ మిషన్‌ పక్కన నిలబడి ఆకురాయితో ఉక్కుని మిల్లీమీటర్లలో అరగదీసిన ఓ పేరుతెలియని పనివాడి చేతిని, వందేళ్ల తర్వాత తన చేత్తో పలకరించాలన్న కోరిక. ఆయుధం నుంచి భయాన్ని తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలంటే బిస్లీలోనే చూడాలి.

చట్టం కన్నుగప్పేవాళ్లూ ఉంటారు కదా. బ్రిటన్‌లో అలంకారం కోసం ఉంచుకునే పాత తుపాకులకి వేరే మినహాయింపు ఉంది. దాన్ని అడ్డంపెట్టుకుని నేరగాళ్లు కొన్ని పాత రివాల్వర్లు కొని, వాటికి తూటాలు చేయించడం మొదలుపెట్టారు. దాంతో 2021లో నిబంధనలు బిగించి, ఏడు రకాల పాత తూటాలకు సరిపడే తుపాకుల్ని ఆ మినహాయింపు నుంచి తీసేశారు. కిటికీ తలుపు ఇంకాస్త దగ్గరికి జరిగింది.

మనవాళ్లు బంగారం పండించిన చోటు

నిషేధం తర్వాత బిస్లీ పిస్టల్ మైదానాల్లో మళ్లీ పండగ వాతావరణం తెచ్చిన ఘనతలో మనవాళ్లకి పెద్ద వాటా ఉంది. 2002లో మాంచెస్టర్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు షూటింగ్ పోటీల్ని బిస్లీలోనే పెట్టారు. పిస్టల్ పోటీల కోసం ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ పోటీల్లో జస్పాల్ రాణా, అంజలీ భగవత్, అభినవ్ బింద్రా, రాజ్యవర్ధన్ రాథోడ్ లాంటి మన షూటర్లు దుమ్మురేపారు. ఒక్క షూటింగ్‌లోనే మన దేశానికి 14 స్వర్ణాలొచ్చాయి. అదే సమయంలో బ్రిటన్ పిస్టల్ షూటర్లు సాధన చేసుకోవడానికి విదేశాలకి వెళ్లాల్సి వచ్చేది!

ఇరవై ఏళ్లు తిరిగేసరికి చక్రం మరోవైపు తిరిగింది. 2022 కామన్వెల్త్ క్రీడలు బర్మింగ్‌హామ్‌లో జరిగాయి. వెబ్లీ రివాల్వర్లు పుట్టిన ఊళ్లో ఆ ఏడాది షూటింగ్ పోటీలే లేవు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషాసింగ్ లాంటివాళ్లకి ఒక పతకాల వేదిక తప్పిపోయింది. తర్వాతి ఏడాది చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చి ఆ లోటు తీర్చుకుంది తను. ఇప్పటి పోటీ పిస్టళ్లు ఆ పాత రివాల్వర్లతో ఏమాత్రం పోలిక లేనివి. అయినా వరసలో నిలబడి, ఒక్క చెయ్యి చాపి, ఊపిరి బిగబట్టి, చూపుడువేలిని నెమ్మదిగా దగ్గరికి తీసుకునే ఆ పద్ధతి మాత్రం వైనన్స్ కాలంనాటిదే.

ఆ పద్ధతిని పాత ఆయుధాలతోనే చూడాలంటే అక్టోబరులో బిస్లీకి వెళ్లాలి. ‘ట్రఫాల్గర్’ పేరుతో ప్రాచీన తుపాకుల పోటీలు జరిగేది అప్పుడే. రాజుగారి బహుమతి, కుర్చీ ఊరేగింపు చూడాలంటే మాత్రం జులై. ఏ నెలలో వెళ్లినా ఓ పూట బ్రూక్‌వుడ్ శ్మశానంలో టాటా సమాధికీ కేటాయించుకోవచ్చు.

అక్టోబరులో పొద్దు త్వరగా వాలిపోతుంది. ఎర్రజెండాలు దిగుతాయి. రివాల్వర్ల యజమానులు బల్లల చుట్టూ చేరతారు. గొట్టంలోకి గుడ్డముక్క దూర్చి, నల్లగా వస్తే మళ్లీ దూర్చి, తెల్లగా వచ్చేదాకా తుడుస్తారు. సిలిండర్‌కి ఒక చుక్క నూనె. ట్రిగ్గర్ దగ్గర ఇంకో చుక్క. పిడిని అరచేత్తో ఒకసారి నిమిరి అప్పగించేస్తారు. తాళం పడుతుంది. బడి దగ్గర బిడ్డని దించినట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారేమో కూడా.

ఆ తర్వాత బ్రూక్‌వుడ్ రైలుకి నడక. ఇంటికి చేరేసరికి వాళ్లతో వచ్చేది చేతివేళ్లకి అంటిన నూనె వాసనొక్కటే. రాత్రి భోజనానికి ముందు సబ్బుతో కడుక్కుంటే అదీ పోతుంది.